ఎలుగుబంటి తాయెత్తు

వానలు వెనకబట్టి ఎండ కాస్త నిలదొక్కుకున్నాక, ప్రతి ఏడూ తెనాలిలో మా డాబా మీద ఒక ఎలుగుబంటిని ఆరేస్తాను. ఈ మాట విని కొత్తగా పక్క వాటాలో దిగినవాళ్లు ఒకసారి నిజంగానే కంగారుపడ్డారు. అది ముతక గుడ్డ మీద నల్లరంగు ముంచిన జనపనారను కుచ్చులు కుచ్చులుగా కుట్టి చేసిన వేషం. ఇనపపెట్టె మూత తీయగానే ముందు కలరా ఉండల ఘాటు, ఆ వెనకే ఉడికించిన బంక వాసన, అన్నిటికన్నా అడుగున, ఎప్పుడో దాన్ని తొడుక్కున్న మనిషి చెమట వాసన వస్తాయి. ఇన్నేళ్లలో మొదటి రెండూ తగ్గాయి గానీ మూడోది పోలేదు. ఎడమ చంక కింద నాలుగు వేళ్ల మేర నార లేక గుడ్డ బోడిగా కనిపిస్తుంది. ఎలుక కొరికిందని నాన్న చెప్పేవారు. మొన్నమొన్నటి దాకా నేనూ అదే అనుకున్నాను.

మా నాన్నకు నాటకాల సామాన్లు అద్దెకిచ్చే షాపు ఉండేది. ఇంటి ముందుగదే షాపు. శివరాత్రి ముందు, శ్రీరామనవమి ముందు, బాపట్ల నుంచీ రేపల్లె నుంచీ పిట్టలవానిపాలెం నుంచీ నాటకాలవాళ్లు వచ్చి కిరీటాలూ గదలూ భుజకీర్తులూ గడ్డాలూ పెట్టెలకెత్తించి బస్సు టాపు మీద వేసుకుపోయేవారు. తిరిగొచ్చిన గడ్డాలకు మొహాల మీది రంగు అంటుకుని ఉండేది, దాన్ని కిరసనాయిలుతో తుడవడం నా పని. వానాకాలం నాటకాలు ఉండవు గనక అదంతా మరమ్మతుల కాలం. వసారాలో ఒక పొయ్యి మీద బంక ఉడుకుతూ, ఇంకో పొయ్యి నిప్పుల మీద అమ్మ మొక్కజొన్న కండెలు కాలుస్తూ ఉంటే, ఆ రెండు వాసనలూ కలిసిన పొగలో నేనూ మా తమ్ముడు శీనూ కిరీటాల నుంచి ఊడిన గాజురాళ్లతో అచ్చంగిల్లాలు ఆడుకునేవాళ్లం. వినాయకచవితి నాడు నాన్న అసలు విగ్రహానికి పెట్టినట్టే షాపులో ఉన్న అట్ట ఏనుగు తలకూ ఒక ఉండ్రాయి పెట్టేవారు. మనకు అన్నం పెట్టే జంతువు కదా అనేవారు, ఆ మాటలో వేళాకోళం ఏమీ ఉండేది కాదు.

తేగలు అయిపోయి, తాటిముంజలు ఇంకా దిగని రోజుల్లో మస్తాన్ వచ్చేవాడు. రేపల్లె శివార్లలో గుడారాలు వేసుకుని, ఎలుగుబంట్లను ఊరూరా ఆడించుకుంటూ బతికే కుటుంబాల్లో అతనొకడు. అతని ఎలుగుబంటి పేరు రాముడు. ఛాతీ మీద తెల్లటి నామం లాంటి మచ్చ, కుడిచెవి అంచున ఎవరో కొరికినట్టు చిన్న నొక్కు. మస్తాన్ డమరుకం డుబుడుబుమని వాయిస్తే అది రెండు కాళ్ల మీద లేచి దణ్ణం పెట్టేది, అలిగిన కొత్తల్లుడిలా మొహం తిప్పుకునేది, నాయనమ్మ ఇచ్చిన అరటిపండును తొక్కతో సహా మింగేసి ఇంకోటి లేదా అన్నట్టు చూసేది. దాని ముక్కుకు గుచ్చిన తాడు మాలో ఎవరికీ పట్టలేదు. ఎద్దుకు ముకుతాడు ఉన్నట్టే దీనికీ ఉందనుకున్నాం.

ఆట సంగతి ఎలా ఉన్నా, తల్లులు మస్తాన్ కోసం కాచుకుని ఉండేది జడుపు తీయించడానికి. ఉలిక్కిపడి జ్వరం తెచ్చుకున్న పిల్లల్ని రాముడి వీపు మీద కూర్చోబెట్టి వీధిలో ఆ చివర నుంచి ఈ చివరకు నడిపించేవాడు. తర్వాత దాని ఒంటి నుంచి నాలుగు వెంట్రుకలు లాగి ఇస్తే, వెండి తాయెత్తులో పెట్టించి నల్లతాడుతో పిల్లల మెడలో కట్టేవారు.

శీను అయిదేళ్లప్పుడు కొల్లూరులో, మా అమ్మమ్మగారి ఊళ్లో, కాలువ రేవులో జారి పడ్డాడు. వెంటనే బయటికి లాగారు, దెబ్బ ఒక్కటీ తగల్లేదు. కానీ ఆ రోజు నుంచి వాడికి నిద్ర కరువైంది. గ్లాసు కింద పడితే కట్టెలా బిగుసుకుపోయేవాడు, నీళ్లు పోయించుకోడానికి గోలగోల చేసేవాడు, మధ్యమధ్య జ్వరం. డాక్టరు గారి సీసాలు కిటికీలో వరసగా చేరాయి. అప్పుడు మస్తాన్ వచ్చాడు. నాన్న శీనును ఎత్తి రాముడి వీపు మీద పెడుతుంటే వాడు గుక్కపట్టాడు.

"భయమేంటి అల్లుడూ? ఇది నీకన్నా పిరికిది. పిల్లి ఎదురైతే అక్కడే ఆగిపోద్ది," అన్నాడు మస్తాన్.

శీను ఏడుపు ఆపి, ఎక్కడైనా పిల్లి ఉందేమోనని వీధి అంతా చూశాడు. రాముడి బొచ్చు రెండు చేతులా పట్టుకుని చివరిదాకా వెళ్లి వచ్చాడు. ఆ రాత్రి మెడలో తాయెత్తుతో బారెడు పొద్దెక్కేదాకా నిద్రపోయాడు. సీసాల్లో మందూ పనిచేసి ఉండవచ్చు, దాని మాట ఎవరూ ఎత్తలేదు.

మరుసటేడు సూర్యలంక సముద్రం ఒడ్డున సినిమా షూటింగు పెట్టారు. హీరో ఎలుగుబంటితో కలబడి దాన్ని పొడిచి చంపాలి. నడిచే షాట్లకీ మొహం చూపించే షాట్లకీ రాముణ్ణి మాట్లాడుకున్నారు. కలబడే షాట్లకు ఒక ఫైటరు తొడుక్కునే వేషం కావాలని నాన్నను అడిగారు. ఆ పని మీద నాన్నకు పట్టిన పిచ్చి అంతా ఇంతా కాదు. మస్తాన్‌ను పిలిపించి, రాముణ్ణి వసారాలో కూర్చోబెట్టుకుని, దర్జీ కొలతలు తీసినట్టు టేపుతో కొలిచి, బొచ్చు ఎటు వాలిందో నారను అటే వాల్చి కుట్టారు. చెవి నొక్కు కూడా కత్తెరతో అలాగే కత్తిరించారు.

షూటింగుకు నన్ను తీసుకెళ్లారు. నీళ్లంటే భయం గనక శీనును నాయనమ్మ దగ్గర వదిలారు. సినిమా తీయడం చూడ్డానికి అంత విసుగైన పని అని నాకు ఆ రోజే తెలిసింది. రాముణ్ణి మిట్టమధ్యాహ్నం కాలే ఇసకలో అటూ ఇటూ నడిపించారు. అది నాలుక బయటపెట్టి రొప్పుతూ, కెమెరా సర్దుకునే లోపల కూలబడిపోయేది. "దానికి ఎండ పడదండీ, కాసేపు ఆగండయ్యా," అని మస్తాన్ అంటూనే ఉన్నాడు, బిందెలతో నీళ్లు పోస్తూనే ఉన్నాడు. సాయంత్రం ఫైటరు నాన్న కుట్టిన వేషంలో పడి చచ్చాడు, లేచి టీ తాగాడు.

సినిమా తెనాలి హాల్లోకి వచ్చినప్పుడు ఇంటిల్లిపాదీ వెళ్లాం. తెర మీద రాముడు కనబడగానే శీను బెంచీ మీద లేచి నిలబడి "మా రాముడు" అని అందరికీ చూపించాడు. కాసేపటికి హీరో కత్తి దింపాడు, హాలంతా ఈలలు వేసింది, నొక్కు ఉన్న చెవి ఒకటి తెర నిండా పెద్దగా కనబడి అలా నేలకు వాలిపోయింది. శీను ఏడవలేదు. బెంచీ మీద కూర్చుని నిక్కరు తడుపుకున్నాడు.

ఆ రాత్రే జ్వరం తిరగబెట్టింది. సినిమా అంటే అంతా వేషమని నాటకాల సామాన్ల మధ్య పెరిగిన మేము వేరే తెలుసుకోనక్కర్లేదు, అయినా నాయనమ్మ ఒప్పుకోలేదు. నాటకంలో చచ్చినవాడు తెర దించాక సామాన్లు అప్పజెప్పడానికి వస్తాడు, సినిమాలో చచ్చినవాడు వచ్చింది ఎక్కడ అని ఆవిడ వాదన.

"చచ్చినదాని వెంట్రుక పిల్లాడి ఒంటి మీద ఉండకూడదే అమ్మాయ్," అని మా అమ్మతో చెప్పి, తాయెత్తు తెంపి తీసుకెళ్లి కాలువలో పారేసి వచ్చింది.

శీను అన్నం మానేశాడు. నాన్న వేషం తెచ్చి వాడి ముందే కాళ్ల నుంచి తొడుక్కుంటూ వచ్చి, చివరికి తల కూడా పెట్టుకుని, వాణ్ణి వీపు మీదకు ఎక్కించుకుని వసారాలో పాకారు. నాన్న అంత పెద్దమనిషి అలా మోకాళ్ల మీద పాకడం చూసి నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. శీను మాత్రం దిగి సూటిగా అడిగాడు.

"నువ్వు వేషం కట్టావు, సరే. మరి రాముడేడీ?"

మర్నాడు నాన్న మొదటి బస్సుకే రేపల్లె వెళ్లారు. మేమంతా ఎదురుచూస్తూనే ఉన్నాం. పొద్దుగూకాక వచ్చి, గుమ్మం తొక్కకుండా పెరటిదారిన నూతి దగ్గరికి వెళ్లి, బట్టలతోనే తల మీద నుంచి నీళ్లు గుమ్మరించుకున్నారు.

"ఈ వేళప్పుడు తలస్నానం ఏంటండీ?" అంది అమ్మ.

"బస్సులో దుమ్ము," అన్నారు.

తడి తుడుచుకుని షాపులోకి వెళ్లి, కాసేపటికి కొత్త తాయెత్తుతో వచ్చారు. రాముడు బాగున్నాడని, మద్రాసులో ఇంకో సినిమాకి వెళ్తున్నాడని, శీను కోసమని తాజా వెంట్రుకలు ఇచ్చి పంపాడని చెప్పి మెడలో కట్టారు. శీను తాయెత్తును చెవి దగ్గర ఊపి చూసుకుని, పెరుగన్నం తిని పడుకున్నాడు. నాన్న మాత్రం ఆ పూట అన్నం ముట్టలేదు.

మస్తాన్ మళ్లీ మా వీధికి రాలేదు. సినిమాల్లో కుదురుకుని ఉంటాడనుకున్నాం. తర్వాత ఎన్నో ఏళ్లకు ఎలుగుబంట్లను ఆడించడమే ప్రభుత్వం మాన్పించింది, అది మంచి పనే. సినిమాల్లో ఇప్పుడు వాటిని కంప్యూటర్లో చేస్తారు. వాటికి ఎండ తగలదు, చంక కింద కుట్టు కనబడదు, మా మనవలు చిప్స్ తింటూ చూస్తారు. మేము చూసిన సినిమాహాలు ఫంక్షన్ హాలయింది.

శీను బాపట్లలో కాలేజీ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాడు. ఇంత చదువుకుని మెడలో అదేంటి సార్ అని పిల్లలు ఏడిపిస్తే, ఒక ఫ్రెండు ఇచ్చాడు అనేవాడట. పోయిన నెల వాడి మనవరాలు టీవీలో ఏదో చూసి జడుసుకుంది. తాయెత్తు తీసి నాకు పంపాడు. వెండి అరిగిపోయింది, తెనాలిలో మనకు తెలిసిన ఆయన దగ్గర కొత్త గొట్టం చేయించి, లోపలి వెంట్రుకలు అందులోకి మార్పించమన్నాడు.

కంసాలి ఆయన మైనం కరిగించి, పాత గొట్టం తెరిచి, లోపలున్నది తెల్లకాగితం మీద దులిపాడు. నేను ఏటా ఎండబెట్టి, దువ్వి, మడత పెట్టే నార అది. నలుపు వెలిసి, మొదళ్ల దగ్గర గోధుమరంగు బయటపడింది. ఒక కొసకు నాన్న వాడే ముతక దారం ముడి ఇంకా ఉంది.

మా ఇళ్లలో బయట నుంచి వచ్చి గడప తొక్కకుండా తల మీద నీళ్లు పోసుకునేది ఎలాంటప్పుడో అందరికీ తెలుసు. అమ్మకు తెలిసే అడిగి ఉంటుంది. ఆ దుకాణంలో స్టూలు మీద కూర్చుని, ఇన్నేళ్ల తర్వాత, రాముడి కోసం నాకు కళ్లనీళ్లు తిరిగాయి. నాన్న కోసం ఇంకా ఎక్కువ.

"ఇయ్యే పెట్టమంటారాండీ?" అన్నాడు కంసాలి ఆయన.

"అవేనండి," అన్నాను.

సాయంత్రం శీను ఫోన్ చేశాడు.

"వెంట్రుకలు పాడవలేదు కదక్కా?"

"లేదురా. గట్టిగానే ఉన్నాయి."

ఈ ఏడు వేషం డాబా మీద ఆరేస్తుంటే మా అమ్మాయి వచ్చి, ఆ చంక కింద బోడిగా ఉన్న చోట కాస్త నార కుట్టించరాదా అమ్మా అంది. వద్దన్నాను.