గాల్లో గంటే

టికెట్ల దుకాణంలో అతన్ని అందరూ రెక్కలాయన అనేవారు. గాజు బల్ల వెనక కూర్చుని, విమానం టికెట్లమ్మి జనాన్ని గాల్లోకి పంపుతూనే అతని జుట్టు నెరిసింది. "ఎంతసేపు పడుతుందండీ?" అని ఎవరడిగినా, చక్రం నేల విడిచినప్పటి నుంచి మళ్లీ నేల తాకేదాకా ఎంతో అంతే చెప్పేవాడు. ఇంటి నుంచి విమానాశ్రయానికి పోవడం, అక్కడ వరసల్లో పడిగాపులు పడటం లెక్కలోకి రావు. అలా చెప్పడం ఆ వ్యాపారంలో మామూలే. పటం మీద రెండు చుక్కల్ని కలిపి గీత గీసేవాడికి చెప్పులు అరగవు. మిఠాయి కొట్టువాడికి తీపంటే మొహం మొత్తుతుందంటారు గానీ, ఇతనికి మాత్రం సొంత సరుకు మీద నమ్మకం చావలేదు.

తల్లి పోయాక అతన్ని చంకనేసుకుని పెంచిన అక్క విమానంలో గంట దూరంలో ఉండేది. అంత దగ్గరని ధీమా కాబట్టే ఏళ్ల తరబడి వెళ్లలేదు.

ఒకరోజు బావ ఫోన్ చేశాడు. "మీ అక్క మంచం పట్టిందిరా. నీ పేరే కలవరిస్తోంది. వెంటనే రా."

"వస్తా బావా. ఎంతసేపు, గంటేగా!"

పక్క బల్ల దగ్గర బస్సు టికెట్లు అమ్మేవాడు చెవులు రిక్కించాడు. "అన్నా, సాయంత్రం బస్సెక్కెయ్. తెల్లారేసరికి అక్క దగ్గరుంటావు."

"నీ డొక్కు బస్సులో నడుం విరగ్గొట్టుకోవాలా? పొద్దున్నే విమానమెక్కితే అక్కతో కలిసి కాఫీ తాగుతా."

"విమానం మీ అక్క గుమ్మం ముందు దిగుద్దా ఏంటి?"

"నీకెప్పుడూ నేలచూపులేరా!"

మర్నాడు ట్యాక్సీ నత్తలా పాకింది. గేటు దగ్గర వరస, సంచీల తనిఖీకి వరస. అంతా అయ్యాక పొగమంచు కమ్మి విమానం కదల్లేదు. బావ ఫోన్ చేసినప్పుడల్లా "ఇదిగో, గంటలో ఉంటా" అన్నాడు. ఎక్కాక నిజంగా గంటే పట్టింది. కానీ దిగిన చోటెక్కడ, అక్కవాళ్ల ఊరెక్కడ! అతను ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది. అక్కకి మొహం మీదుగా దుప్పటి కప్పేశారు.

బావ తల ఎత్తలేదు. "మధ్యాహ్నం దాకా కళ్లు తెరుచుకునే ఉంది. తమ్ముడెక్కడున్నాడని అడిగింది. గంటలో వస్తాడన్నాను. మళ్లీ అడిగింది. మళ్లీ అదే చెప్పాను. ఆ తర్వాత నేను నోరు తెరవబోతే మొహం గోడవైపు తిప్పేసుకుంది."

అతను మంచం పక్కన కూలబడ్డాడు. ఏడుపు కూడా ఆలస్యంగానే వచ్చింది.

"రేపటిదాకా ఉంటావా?" అన్నాడు బావ.

వచ్చే టికెట్‌తో పాటే పోయే టికెట్టూ కొనేయడం అతనికి చేతి అలవాటు. "తిరుగు టికెట్ ఈ రాత్రికే కొనేశాను బావా... మార్చుకుంటాలే."

"ఎందుకులే శ్రమ?" బావ లేచి వీధి తలుపు బార్లా తీశాడు. "ఎవరికోసమని ఉంటావు?"