అవతలి ఒడ్డున చెయ్యి ఊపిన మనిషి

చిచ్చా పోయాడన్న కబురు మంగళవారం పొద్దున, నేను స్టోర్‌లో పైపులు లెక్కపెడుతుండగా వచ్చింది. నిజామాబాద్ నుంచి ఆయన తమ్ముడు ఫోన్ చేశాడు. "రాత్రి పోయిండు సాబ్. పగటి జొహర్ నమాజ్ కాంగనే మట్టి చేస్తున్నం" అన్నాడు.

"మోకాలి ఆపరేషన్ అన్నరు గదా" అన్నాను.



"మోకాలేంది సాబ్? లివర్ ఖరాబయి ఏడాది దాటె. మీకు ఎరుక లేదా?"

నాకు ఎరుక లేదు. మొదటి వరసలో పైపులు ఎన్ని లెక్కపెట్టానో మరిచిపోయి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. అలా మూడుసార్లు చేశాను.

ఇది చదివేవారిలో చాలామందికి ఆయన తెలియకపోవచ్చు. దోహాలో ముప్పై ఏళ్లు ఏసీలు బాగుచేసిన మనిషి. చివర్లో ఫోర్‌మన్ అయ్యాడు. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఒక పాత విల్లాను నాలుగు వాటాలు చేసి అద్దెకు ఇచ్చారు. అందులో ఒక వాటా వాళ్లది, పక్క వాటా మాది. మధ్యలో ఒకటే గోడ. పదకొండేళ్లు అలాగే ఉన్నాం. పిల్లలు ఆయన్ని చిచ్చా, అంటే చిన్నాన్న, అనేవారు. వాళ్లతో పాటు నాకూ చిచ్చానే అయ్యాడు. ఆయన మాత్రం నన్ను "స్టోర్ సాబ్" అనేవాడు. సగం మర్యాద, సగం వెక్కిరింత.

రోజూ డ్యూటీ అయ్యాక వెనక మెట్ల మీద ఇద్దరం చాయ్ తాగేవాళ్లం. పై మెట్టు మీద ఆయన కుర్చీ, కింది మెట్టు మీద నేను. ఆయన మాట్లాడేవాడు, నేను వినేవాణ్ని. రెండు నెలల కిందట సెలవు మీద వెళ్తూ కూడా ఆ మెట్ల మీదే కూర్చున్నాడు. "మోకాలు సాఫ్ చేపిచ్చుకోని వస్త. నా కుర్చీల ఎవ్వన్ని కూసోనియ్యకు" అన్నాడు. కూర్చోనివ్వలేదు.

ఆ మంగళవారం ఇంటికొచ్చి నా భార్యకు చెప్పాను. ఆమె ఏమీ అడగకుండా గోడకు ఆనుకుని కూలబడింది. ఏడేళ్ల కొడుకు "చిచ్చా ఎందుకు పోయిండు?" అని అడిగాడు. పద్నాలుగేళ్ల బిడ్డ బడి నుంచి వచ్చింది. బ్యాగు దించకుండానే మా ముఖాలు చూసి ఒక్క మాట అడిగింది.

"ఎన్నింటికి?"

ఏమైందని అడగలేదు, ఎవరని అడగలేదు. ఆ ఒక్క మాటతో నాకు అర్థమైంది. ఆయన పోతాడని ఇంట్లో అందరికీ తెలుసు. నాకూ నా ఏడేళ్ల కొడుక్కీ తప్ప.

పోయినవాళ్ల మీద కోపం పెట్టుకోకూడదంటారు. నాకు కోపం ఉంది. ఆ సంగతి దాచి ఆయన గురించి మంచి మాటలు రాస్తే, ఆయన నాకు చేసిన పనే నేను మీకు చేసినవాణ్ని అవుతాను.

ఆయన్ని మొదట చూసింది లేబర్ క్యాంపులో. అప్పుడు నేను కొత్తగా వచ్చిన కూలీని. పన్నెండు మంది ఉన్న గదిలో ఏసీ ఆగిపోతే ఆయన వచ్చాడు. నిచ్చెన పట్టుకోమన్నాడు, పట్టుకున్నాను. రెండు గంటల్లో నేను ఒక్క మాట కూడా మాట్లాడలేదు. దిగేటప్పుడు "నోరున్నదా లేదా?" అన్నాడు. ఉందన్నాను. "సదువొస్తదా?" నా బడి ఏడో తరగతితో ఆగింది. తర్వాతి చదువంతా సామాను డబ్బాల మీది రాతలూ పాత పేపర్లే. కొద్దిగా వచ్చన్నాను. మరుసటి వారం వాళ్ల కంపెనీ డైరీ ఒకటి తెచ్చి చేతిలో పెట్టాడు. "నోరు తెర్వకపోతే తెర్వకు. రాయి. మనిషిలకెళ్లి ఏదో ఒకటి బయటికి రావాలె, లేకుంటే పైపు పలుగుతది."

అప్పటి నుంచి రోజూ రాస్తున్నాను. ఆ రాతే నన్ను స్టోర్‌లోకి తీసుకెళ్లింది. ఇన్‌ఛార్జ్‌ని చేసింది. కుటుంబాన్ని తెచ్చుకోనిచ్చింది. నా డైరీలో పెద్ద విషయాలేమీ ఉండవు. ఎవరు వచ్చారు, ఏం వండారు, ఎవరికి జ్వరం, దుమ్ముగాలి ఎన్నింటికి మొదలైంది, అంతే. ప్రతి జనవరిలో కొత్త డైరీ ఆయనే తెచ్చిచ్చేవాడు. ఈ జనవరిలో కూడా ఇచ్చాడు. ఇస్తున్నప్పుడు ఆయన చెయ్యి వణికింది. చలి అనుకున్నాను. చలి అనే రాశాను.

ఎవరింటికి వెళ్లినా ఆయన ముందు ఏసీ దగ్గరికి నడిచేవాడు. చెవి పెట్టి కళ్లు మూసుకునేవాడు. "ఫ్యాన్ బేరింగ్. నెల రోజులు నడుస్తది" అనేవాడు. నెలకు అది ఆగేది. చప్పుడు మారిన సంగతి ఎవరైనా చెప్పకుండా ఊరుకుంటే ఆయనకు ఎక్కడ లేని కోపం వచ్చేది. "మిషన్ చప్పుడు మారిందంటే దాచొద్దు. ఇయ్యాల దాస్తే రేపు కంప్రెసర్ పోతది. అప్పుడు నన్ను పిలిచి ఏం ఫాయిదా?" మా బిడ్డకు ఈ మాటలు నోటికి వచ్చు.

పోయిన జూలైలో మమ్మల్ని స్కాట్లాండ్ తీసుకెళ్లాడు. ఆయన పెద్ద కూతురు గ్లాస్గోలో నర్సు. సముద్రంలో ఉన్న ఒక చిన్న దీవి మీద వారం రోజులకు ఇల్లు తీసుకుంది. ఆ దీవి పేరు పలకడం నాకు ఇప్పటికీ రాదు. తల్లిదండ్రుల్ని రమ్మంటే, మా కుటుంబం వస్తేనే తాను వస్తానని చిచ్చా పట్టుబట్టాడు.

"పోరగాండ్లకు సముద్రం చూపియ్యవా స్టోర్ సాబ్?"

"దోహా సుట్టూ సముద్రమే గదా."

"ఇది సముద్రమా? గీజర్ నీళ్లు."

వీసా కాగితాలన్నీ ఆయనే నింపాడు. నాకు సెలవు రాదేమోనని మా మేనేజర్ ఇంట్లో ఏసీ శుభ్రం చేసి మరీ వచ్చాడు. ఇంత తొందర ఎందుకో అప్పుడు నేను ఆలోచించలేదు.

కార్లను కడుపులో పెట్టుకునే పడవ ఎక్కి ఆ దీవికి చేరాం. మబ్బు, జల్లు, చెవుల్లో దూరే గాలి. జూలైలో స్వెటర్ వేసుకోవడం మా పిల్లలకు అదే మొదటిసారి. "చిచ్చా, ఎండ ఏది?" అని కొడుకు అడిగాడు. "మనం వస్తున్నమని తెలిసి దోహాకు పోయింది బేటా" అన్నాడు.

ఇంట్లోకి వెళ్లగానే ఆయన గదిగదికీ తిరిగి గోడలు చూశాడు. ఎక్కడా ఏసీ లేదు. "నాకీడ నౌకరీ మాఫీ" అని నవ్వాడు. అలవాటు మానలేక ఫ్రిజ్‌కు చెవి పెట్టి చాలాసేపు విన్నాడు. "ఈ ఇంట్ల అందరికంటె తందురుస్తు ఇదే, ఏ రోగం లేదు" అన్నాడు. అందరం నవ్వాం. ఆయన భార్య, పిల్లల చాచీ, నవ్వలేదు. ఆమె చీకాకులో ఉందనుకున్నాను.

నేను చేతి గడియారం మార్చలేదు. స్టోర్ నుంచి ఫోన్లు వస్తాయని దోహా టైమే ఉంచాను. అక్కడికీ ఇక్కడికీ రెండు గంటల తేడా. డైరీ కూడా దోహా టైములోనే రాశాను. చిచ్చాకు ఇది పెద్ద వేళాకోళం. "ఈ మనిషి ఇంక ఈడికి రాలేదు. వీసా దండుగ" అనేవాడు. అక్కడ పొద్దు పది వరకు గూకదు. "రాత్రి పదింటికి మగ్రిబ్, తెల్లారగట్ల మూడింటికి ఫజర్. ఈ ఊర్ల ముసల్మాన్ ఎప్పుడు పండాలె?" అంటూనే గడ్డి మీద చాప పరిచి నమాజు చేసేవాడు.

ఆ ఒడ్డున ఇసుక తెల్లగా ఉంటుంది. నీళ్లు అడుగు పెట్టనివ్వనంత చల్లన. మొదటి రోజు పిల్లలు కేకలు పెట్టి వెనక్కి పరిగెత్తారు, మూడో రోజుకు బయటికి రమ్మన్నా రాలేదు. ఒడ్డు మీది వేరే పిల్లలు ఇసుకతో కోటలు కడుతుంటే, చిచ్చా మా వాడితో నాలుగు వాటాల విల్లా కట్టించాడు. ఒక్కో వాటా బయట ఒక గవ్వ గుచ్చి "ఇవి ఏసీ ఔట్‌డోర్లు" అన్నాడు. 

"ఈ రూముల ఎవరుంటరు చిచ్చా?"

"మీ డాడీ. మాట్లాడడు, లొల్లి ఉండదు. గసొంటి కిరాయిదారు దొరకడు బేటా."

నాలుగో రోజు మధ్యాహ్నం సముద్రం వెనక్కి తగ్గి ఒడ్డు చాలా దూరం బయటపడింది. ఆడవాళ్లు ఇంట్లో వంటలో ఉన్నారు. కొడుకు నా కాళ్ల దగ్గర గుంట తవ్వుతున్నాడు. నేను రాతి గోడ మీద కూర్చుని డైరీ రాస్తున్నాను. చిచ్చా, మా బిడ్డ గవ్వలు ఏరుతూ అవతలి కొసకు వెళ్లారు. ఆ రోజు పేజీలో, దోహా టైములోనే, ఇలా ఉంది: "5.40. చిచ్చా, బిడ్డ అవతలి ఒడ్డున ఉన్నారు. ఇద్దరూ చేతులు ఊపారు. నేనూ ఊపాను. గాలి ఎక్కువ."

తిరిగొచ్చాక బిడ్డ వాటం మారింది. మాటలు తగ్గాయి. దోహాకు వచ్చాక రోజూ బడి కాగానే పక్క వాటాకు వెళ్లి కూర్చునేది. ఆయనకు నీళ్లు ఇచ్చేది, మందు గోళీలు అందించేది. అవి మోకాలి గోళీలని నాకు చెప్పారు. పరీక్షల్లో మార్కులు తగ్గాయి. "నీకు సదువు లేదా? ఎప్పుడు చూసినా ఆడనే" అని ఒకసారి గట్టిగా అన్నాను. తల దించుకుని ఊరుకుంది. నా గుణం వచ్చిందని, ఎదురు చెప్పదని లోపల కొంచెం గర్వపడ్డాను కూడా. పదమూడేళ్ల పిల్ల నెత్తిన అంత బరువు మోస్తుంటే నేను చూసింది అది.

నా భార్యకు నవంబర్‌లో తెలిసిందట. చాచీ వంటింట్లో ఏడుస్తూ చెప్పుకుందట.

"నాకెందుకు చెప్పలే?" అని అడిగాను.

"చెప్తే ఏం జేస్తుంటివి? రాసుకుంటుంటివి" అంది. అన్నాక ఆమెకే బాధ కలిగినట్టుంది. నా పక్కన కూర్చుని మళ్లీ చెప్పింది. "ఆయననే వద్దన్నడు. ఇంట్ల బీమార్, దవాఖానల బీమార్. ఆ మెట్ల మీద చాయ్ తాగెటప్పుడన్న మంచిగుండనియ్యుండ్రి, స్టోర్ సాబ్‌కు తెలిస్తె అది గూడ పోతది అన్నడు."

ఈ మాట విన్నాక నా కోపం పోవాలి. పోలేదు. ఆయనకు నా పక్కన ఆరోగ్యంగా ఉండే చోటు ఒకటి దొరికింది. దాని ఖరీదు నా బిడ్డ కట్టింది. పదహారేళ్ల స్నేహంలో నేను ఒక్కసారైనా నోరు తెరిచి "ఒంట్ల ఎట్లున్నది?" అని గట్టిగా అడిగి ఉంటే చెప్పేవాడేమో. ఆ ఆలోచన కూడా వస్తుంది. కానీ ఎదుటివాడు మాట్లాడనివాడైతే, వాడి దగ్గర దాచడం తేలిక. ఆ తేలికను ఆయన వాడుకున్నాడు.

శుక్రవారం పొద్దున బిడ్డ వెనక మెట్ల మీద, ఆయన కుర్చీ పక్కన కూర్చుని ఉంది. నేను పోయిన ఏటి డైరీ తీసుకెళ్లి ఆ పేజీ తెరిచి ఆమె ఒడిలో పెట్టాను. ఆమె మారింది ఆ రోజు నుంచే. చదివింది. 'ఊపారు' అన్న మాట మీద వేలు పెట్టింది.

"ఊపలే డాడీ" అంది. "నేను నిన్ను పిలిచిన."

తర్వాత మెల్లగా చెప్పింది. గవ్వలు ఏరుతూ ఏరుతూ ఆయన కడుపు పట్టుకుని ఇసుకలో కూర్చున్నాడట. కక్కుకున్నాడు. అందులో నెత్తురు ఉంది. ముఖం బూడిద రంగుకు తిరిగింది. ఆమె భయపడి లేచి, రెండు చేతులూ పైకెత్తి నన్ను పిలిచింది. గాలికి గొంతు అందలేదు. అప్పుడు ఆయన కూర్చున్నచోటి నుంచే నవ్వు ముఖం పెట్టి తన చెయ్యి కూడా పైకెత్తాడు. నిదానంగా, పలకరించినట్టు ఊపాడు. నేనూ ఊపాను.

"చూసినవా బేటీ, మీ డాడీ నవ్వుతున్నడు. నవ్వనియ్యి. చెప్తే పుస్తకంల రాస్తడు. ఆయన రాసిండంటే ఇగ అది ఖాయమైపోతది" అన్నాడట.

"నువ్వు రాసినవా డాడీ? మంగళవారం?" అని అడిగింది.

రాయలేదు. ఆ పేజీ ఇంకా ఖాళీగానే ఉంది. అలా ఒక రోజు వదిలేయడం పదహారేళ్లలో ఇదే మొదలు.

"ఇగ నన్ను పిలిస్తే రెండు సార్లు పిలువు" అన్నాను. ఆమె తల ఊపింది. నా భుజానికి ఆనుకుంది. ఆయన కుర్చీలో మేమిద్దరం కూర్చోలేదు.

కళ్లు మూసుకుంటే ఇప్పుడు ఆ ఒడ్డే కనిపిస్తుంది. మనుషులు వేలెడంత కనిపించేటంత దూరం. తడి ఇసుక మీద మబ్బు వెలుగు. ఒకరు నిలబడి ఉన్నారు, ఒకరు కూర్చుని ఉన్నారు. నిలబడిన చిన్న మనిషి రెండు చేతులూ రమ్మంటున్నాయి. కూర్చున్న మనిషి ఒక చెయ్యి, ఆ రెండింటి పక్కనే, ఏం పరవాలేదు, అక్కడే ఉండు అంటోంది. ఇవతల గోడ మీద కూర్చున్న నేను కలం పక్కన పెట్టి చెయ్యి ఎత్తుతున్నాను.