ఎవరి కుర్చీ వాళ్ళది

మిల్లు వీధి మొత్తానికీ ఆమె కుర్చీలత్త. మేనల్లుళ్ళకే కాదు, తనకన్నా పెద్దవాళ్ళకు కూడా అత్తే. పేము కుర్చీలు అల్లడం ఆమె పని. సీటు కుంగిన కుర్చీ తెచ్చి ఇస్తే మర్నాటికల్లా బిగించి పెట్టేది. అయితే ఆమెకో పట్టింపు. కొత్తగా అల్లిన కుర్చీని ఎవరూ ఊరికే మోసుకుపోకూడదు. సొంతదారు వచ్చి, కాసేపు కదలకుండా కూర్చుని, అల్లిక సర్దుకుందో లేదో చెప్పాలి. అలా కూర్చోబెట్టి ఇంట్లో సంగతులన్నీ లాగుతుందని గిట్టనివాళ్ళు అనేవారు. గిట్టినవాళ్ళూ అదే అనేవారు.

ఆ వీధి చివర చిన్న చర్చి ఉంది. మిల్లు కళకళలాడే రోజుల్లో కూలీలే దాన్ని కట్టుకున్నారు. బట్టీవాళ్ళు పనికిరావని పారేసిన వంకర ఇటుకలు ఏరుకొచ్చి, షిఫ్టు దిగాక గోడలు లేపారు. పైకప్పు వేసేసరికి చేతులు ఖాళీ. ఇక బెంచీలు ఎక్కణ్ణించి వస్తాయి? "ఎవరి కుర్చీ వాళ్ళు తెచ్చుకోండి" అన్నాడు అప్పటి మేస్త్రి. తెచ్చుకున్నారు, అక్కడే వదిలేశారు. ఏ రెండు కుర్చీలూ ఒక్క ఎత్తులో ఉండవు. కుర్చీలత్త కొత్త కోడలిగా ఆ గడప తొక్కిన రోజున అత్తగారు చెప్పిన బుద్ధి ఒక్కటే. "పాట రాకపోయినా ఫర్వాలేదు గానీ, ఇంకొకళ్ళ కుర్చీలో మాత్రం కూర్చోకమ్మా."

తర్వాత మిల్లు మూతపడింది. జనం పని దొరికిన చోటికి చెదిరిపోయారు. ఊరికి అవతలి వైపు ఇళ్ళు చూసుకుని, అక్కడి పెద్ద చర్చికి అలవాటుపడ్డారు. కుర్చీలు మాత్రం ఇక్కడే ఉండిపోయాయి. కుర్చీలత్త వదినగారైతే మిల్లు మూతపడకముందే ఇక్కడికి రావడం మానేసింది. కిటికీ పక్కన గాలి తగిలే చోటు కోసం వదినా ఆడపడుచులు పోట్లాడుకుంటే ఆడపడుచుదే పైచేయి అయింది, వదిన కుర్చీ వెనక మూలకు చేరింది. అప్పటినుంచి ఎదురుపడితే ఆవిడ పక్క సందులోకి తిరిగేది.

ఒక ఆదివారం పెద్ద చర్చి కమిటీ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ప్రార్థనకు వచ్చిన గుప్పెడు మందినీ, చుట్టూ ఉన్న ఖాళీ కుర్చీలనూ చూశాడు.

"వీటికి ప్రసంగం చెప్పడానికి పాస్టరు గారిని ఇంతదూరం పంపడం దండగమ్మా. నెలాఖరు ఆదివారంతో మూసేద్దాం. గోడౌనుగా పనికొస్తుంది."

"జనం ఉన్నారండీ. కాస్త దూరంగా ఉన్నారంతే" అంది కుర్చీలత్త.

"ఉంటే రారా? సరే, ఈలోపు ఎవరి కుర్చీలు వాళ్ళని పట్టుకెళ్ళమని చెప్పండి. తాళంచెవి ఆ రోజు నేనే తీసుకుంటాను."

ఆమెకు కోపం నషాళానికంటింది. తన పెళ్ళి ఆ వంకర గోడల మధ్యే జరిగింది, పెనిమిటికి ఆఖరి ప్రార్థనా అక్కడే జరిగింది. ఇప్పుడక్కడ సిమెంటు బస్తాలు పడుకోవాలా? దారి పొడుగునా ఆయన్ని తిట్టుకుంటూ ఇంటికొచ్చింది. గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తుండగా ఉన్నట్టుండి నవ్వొచ్చింది. చెప్పమన్నాడు కదా, చెబుదాం.

మర్నాటినుంచి చర్చిలోనే మకాం పెట్టింది. కుంగిన సీట్లన్నీ కోసేసి, పేము నానబెట్టి, ఒక్కో కుర్చీనీ కొత్తగా అల్లింది. వేళ్ళు పగిలితే గుడ్డ చుట్టుకుని అల్లింది. తెలిసిన ప్రతి ఇంటికీ ఒకటే కబురు పంపింది: "మీవాళ్ళ కుర్చీ బాగుచేశాను. నెలాఖరు ఆదివారం పొద్దున వచ్చి పట్టుకెళ్ళండి. రాకపోతే పొయ్యిలో పెడతాను." అన్నంత పనీ చేసే మనిషని అందరికీ తెలుసు.

కబురు అందుకున్న అన్నగారు తల గోక్కుంటూ వచ్చాడు.

"మీ వదిన రాదు చెల్లాయ్."

"నేను రమ్మన్లేదన్నయ్యా. కుర్చీ పట్టుకెళ్ళమన్నాను."

ఆ ఆదివారం మిల్లు వీధి ఆటోలతో, స్కూటర్లతో నిండిపోయింది. ఇంటికొకరు వస్తే చాలనుకుంది కుర్చీలత్త. పిల్లాపాపలతో సహా దిగారు. లోపలికి వచ్చి తాత కుర్చీ గుర్తుపట్టినవాళ్ళు కొందరు, అమ్మ కుర్చీ చేతులు తడుముతూ నిలబడిపోయినవాళ్ళు కొందరు. ఎత్తుకుపోదామని వంగిన ప్రతివాళ్ళనూ ఆమె ఆపింది.

"ముందు కూర్చోండి. కొత్త అల్లిక. సర్దుకోకుండా తీసుకెళ్తే నాకు పూచీ లేదు."

వాళ్ళు కూర్చోగానే పాస్టరు గారికి కనుసైగ చేసింది. ఆయన ప్రార్థన మొదలుపెట్టాడు. ప్రార్థన మధ్యలో కుర్చీ నెత్తిన పెట్టుకుని బయటికి నడిచే ధైర్యం ఎవరికుంటుంది?

అందరికన్నా ఆలస్యంగా వదినగారు వచ్చింది. తన కుర్చీ కోసం వెనక మూలలో వెతికింది, అక్కడ లేదు. అది కిటికీ పక్కన ఉంది. వెనక మూలలో కుర్చీలత్త కుర్చీ ఉంది.

"ఇదేంటి, ఇక్కడ పెట్టావు?" అంది ఆవిడ, ఇన్నేళ్ళ తర్వాత.

"నువ్వే అడిగావుగా వదినా. ఇవ్వడానికి కాస్త ఆలస్యమైంది."

వదినగారు అందులో కూర్చుని, పమిట చెంగుతో కళ్ళొత్తుకుంది. పాట ఎత్తుకున్నదీ ఆవిడే. చిన్నప్పుడు ఆ గోడల మధ్యే నేర్చుకున్న పాట కాబట్టి ఎవరికీ పుస్తకం అవసరం లేకపోయింది. కుర్చీలత్తకు ఎప్పుడూ శ్రుతి కలవదు, ఆ రోజూ కలవలేదు. అయినా గొంతు దాచుకోకుండా పాడింది. ఆమెకు అంత సంతోషం పెళ్ళినాడు కూడా కలగలేదు.

పాట సగంలో పెద్దాయన కొత్త తాళం పట్టుకుని వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయాడు. కూర్చుందామంటే చోటు లేదు. ఆఖరిదాకా నిలబడే విన్నాడు. ప్రార్థన ముగిశాక కాసేపు చూశాడు. ఒక్కరూ కుర్చీ ఎత్తలేదు.

"పట్టుకెళ్ళరా?" అని దగ్గర్లో ఉన్న ఒకాయన్ని అడిగాడు.

"అల్లిక ఇంకా సర్దుకోలేదండీ. వచ్చే ఆదివారం కూడా కూర్చుని చూడాలి."

పక్కవాళ్ళు నవ్వారు. పెద్దాయనా నవ్వకుండా ఉండలేకపోయాడు. "పాస్టరు గారిని ఇకముందు కూడా పంపుతాంలెండి" అంటూ తెచ్చిన తాళాన్ని మళ్ళీ సంచిలో వేసుకున్నాడు.

కుర్చీలత్త తను అల్లిక పనికి వాడే ముక్కాలిపీట తెచ్చి ఆయన ముందు వేసింది.

"కాళ్ళు లాగేస్తుంటాయి, ఇవాళ్టికి దీనిమీద సర్దుకోండి. వచ్చే వారం మీ కుర్చీ మీరే తెచ్చుకోవాలి."