భయానికి ఇచ్చిన మాత్ర

నా చిన్నప్పుడు పళ్ళ డాక్టరు పేరెత్తితే చాలు, మంచం కిందకి దూరిపోయేదాన్ని. ఊరికే కాదు. మా రేపల్లెలో ఒకాయన "చూస్తానంతే, పీకనులే" అని నోరు తెరిపించి ఠక్కున పన్ను పీకేశాడు. నేనూ తక్కువ తినలేదు, ఆయన వేలు కొరికేశాను. ఆ తర్వాత ఇంకో దవడ పన్ను పుచ్చి, బుగ్గ బూరెలా పొంగినా ఎవరికీ నోరు తెరిచి చూపించలేదు. జ్వరం కూడా తగిలేసరికి మా నాన్న బెంబేలెత్తిపోయి నన్ను రైలెక్కించాడు. తెనాలిలో బండి మారి బాపట్లలో మా మేనత్త ఇంటికి చేరాం.

మా మేనత్తంటే వీధి మొత్తానికీ హడల్. పాలల్లో నీళ్ళు కలిపేవాడు ఆ గుమ్మం ముందు ఆగాలంటే జంకేవాడు. అలాంటి మనిషి నన్ను పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానంటే, ఇక నా పని అయిపోయిందనుకున్నాను.

ఆ డాక్టరుగారు పెద్దాయన. బుగ్గ చూసి మందులిచ్చి, వాపు తగ్గాక శుక్రవారం రమ్మన్నారు. నేను అత్తయ్య కొంగు చాటున దాక్కోవటం చూసి, ఆ రోజు ముందుగా ఒక మాత్ర ఇస్తానన్నారు. దానితో మరీ నిద్రపోనట, మగతగా ఉండి భయం తగ్గుతుందట. చిగుళ్ళకు మత్తు సూది ఆ తర్వాతేనట. కాకపోతే పొద్దున్నుంచీ ఏమీ తినకూడదని గట్టిగా చెప్పారు.

శుక్రవారం పొద్దున మా అత్తయ్య మనసు ఊరుకోలేదు. పసిపిల్లని ఖాళీ కడుపుతో గడప దాటించటం మా ఇంటావంటా లేదు. రెండు ఇడ్లీలు నెయ్యి వేసి తినిపించి, మూతి తుడిచి, "అడిగితే ఏం తినలేదని చెప్పవే, రెండు ఇడ్లీలకి కొంపలేం మునిగిపోవు" అంది.

తీరా డాక్టరుగారు అడిగితే తనే "లేదండి" అనేసింది. ఆయన మాత్ర తీస్తూ, మామూలుగానే చెప్పారు. కడుపులో తిండి ఉండి, మగతలో వాంతయితే అది ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికి వస్తుందట. అత్తయ్య నా చెయ్యి పట్టి వెనక్కి లాగేసింది.

"అబద్ధం చెప్పానండి. నేనే ఇడ్లీలు తినిపించాను."

ఆయన కోప్పడలేదు. మాత్ర మళ్ళీ సీసాలో వేసేసి రేపు రండమ్మా అన్నారు. అత్తయ్య కదల్లేదు. "ఇంకోటి కూడా చెప్పేస్తానండి. నాకూ పుచ్చుపన్నుంది. మూడేళ్ళ నుంచీ ఒకవైపే నములుతున్నాను. భయమండి నాకు. ఆ మాత్ర నాక్కూడా ఇవ్వండి" అంది.

ఎంతమంది బతిమాలినా తెరవని నా నోరు అప్పుడు దానంతటదే తెరుచుకుంది.

ఆయన నవ్వేశారు. "ఇద్దరూ మగతలో ఉంటే ఇంటికెవరు తీసుకెళ్తారమ్మా? ముందు పిల్ల, తర్వాత మీరు."

మర్నాడు ఏమీ తినకుండా వెళ్ళాను. మాత్ర వేసుకున్న గంటకి ఒళ్ళు తేలికపడింది, ఫ్యాను చప్పుడు ఎక్కడో దూరంగా వినిపించింది. పన్ను వచ్చేసిందంటే నమ్మలేదు, చేతిలో పెట్టాక నమ్మాను. కానీ నిజం చెప్పొద్దూ, నా భయంలో సగం ముందు రోజే పోయింది. అంతటి మనిషికీ భయం ఉందంటే, నాకు భయమేయటం తప్పు కాదన్నమాట! ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. పై వారం అత్తయ్య వంతు వచ్చింది. తోడుగా మా నాన్న ఉన్నా, ఆవిడ గట్టిగా పట్టుకున్నది నా చెయ్యే.

నాకిప్పుడు డెబ్బై దగ్గర పడుతున్నాయి, తెనాలిలో ఉంటున్నాను. మా పిల్లల్ని గానీ వాళ్ళ పిల్లల్ని గానీ "భయమేంటి, సిగ్గులేదూ" అని ఏనాడూ అనలేదు. మొన్న ఇక్కడి పళ్ళ డాక్టరమ్మ బీపీ, షుగరు, వాడే మందులు అన్నీ అడిగి రాసుకుని, ఇంకేమైనా చెప్పాలా అమ్మమ్మగారూ అంది. నాకు చచ్చేంత భయమమ్మా అన్నాను, బయట బెంచీ మీద వాళ్ళకి కూడా వినపడేలా. మా మేనత్తంతటి మనిషే ఒప్పుకుంది, నేనెంత!