నాబు మీద చెరిపేసిన గీత

మొన్న కొత్త కళ్లద్దాలు తెచ్చుకోవడానికి మా ఆవిడా నేనూ అమీర్‌పేట బయల్దేరాం. తార్నాక మెట్రో స్టేషన్‌లో తనిఖీ దగ్గర, నా జేబులోని తాళాల గుత్తిని చూసి కాపలాదారు చేతిలోని మెటల్ డిటెక్టర్ కర్ర కుయ్యిమంది. ఆయన గుత్తి బయటికి తీయించి, చూసి, మళ్లీ నా చేతిలో పెట్టి వెళ్లమన్నాడు. నేను వెళ్లలేదు. డెబ్బైకి దగ్గరపడిన వాళ్లకు ఉండే వెర్రి ధైర్యంతో, దీన్ని రోజూ ఎవరు ట్యూన్ చేస్తారు నాయనా అని అడిగాను. “ట్యూనింగ్ ఏంది పెద్దాయనా! చార్జింగ్ పెడితే అయిపాయె,” అన్నాడాయన. నిజమే, ఆ కర్రకు ఒక మీట తప్ప తిప్పడానికి ఏమీ లేదు. వెనకాల వరుస పెరుగుతుంటే మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది గానీ, ఆ చప్పుడు నన్ను రైల్లో కూడా వదల్లేదు.

నా వయసు వాళ్లయితే నమ్ముతారు, ఈ కాలం వాళ్లు నవ్వినా నవ్వుతారు, ఒకప్పుడు అలాంటి యంత్రాన్ని నేను చేత్తో తయారుచేశాను. అప్పట్లో నేను తార్నాక పక్కనే యూనివర్సిటీలో, ఫిజిక్స్ విభాగపు ఎలక్ట్రానిక్స్ ల్యాబులో తాత్కాలిక ఉద్యోగిని. క్యాంపస్ నేలలో పాతకాలపు ఇనుప నీళ్ల గొట్టాలు ఎటునుంచి ఎటు పోతున్నాయో చెప్పే పటం ఎవరి దగ్గరా ఉండేది కాదు, ఎక్కడ పగిలినా పది చోట్ల తవ్వి చూడాల్సిందే. అది చూస్తూ నాకు ఊరుకోబుద్ధి కాలేదు. కోఠి గల్లీల్లో పాత రేడియో సామాను ఏరుకొచ్చి, ప్లాస్టిక్ బకెట్ మూత చుట్టూ రాగి తీగ చుట్టి, దాన్ని వెదురు కర్రకు బిగించి, చెవులకు ఒక హెడ్‌ఫోను తగిలించాను.

దాని కిటుకంతా శ్రుతిలోనే ఉంది. లోపల రెండు సర్క్యూట్లు రెండు స్వరాలు పలుకుతుంటాయి, ఒకటి పెట్టెలోది, రెండోది నేల మీద తిరిగే తీగచుట్టది. ఆ రెండింటికీ ఉన్న తేడాయే చెవికి వినిపిస్తుంది. పాత రేడియో నాబును మెల్లగా తిప్పుతూ పోతే ఈల కాస్తా గురకవుతుంది, గురక కాస్తా టక్... టక్... అనే నెమ్మది చప్పుడవుతుంది. అక్కడ ఆగాలి. అప్పుడు కింద ఇనుము తగిలితే ఆ టక్‌టక్ గబగబా పరుగెత్తి ఈలై లేస్తుంది. అలా కాక ఇంకొంచెం తిప్పి పూర్తి నిశ్శబ్దం తెచ్చామా, రెండు సర్క్యూట్లూ ఒకదాన్నొకటి పట్టుకుని బిగుసుకుపోతాయి, కింద గొట్టం ఉన్నా విడిపోవు. ఈ ఒక్క సంగతి కనిపెట్టడానికి నాకు రెండు నెలలు పట్టింది.

మొదట్లో గుర్తు కోసం నాబు మీద తెల్లరంగుతో సన్నని గీత పెట్టుకున్నాను. ఒకరోజు మొదటి తవ్వులోనే గొట్టం దొరికినప్పుడు మా విభాగాధిపతి పదిమందిలో నా భుజం తట్టి, మంచి వైద్యుడికున్నట్టు నీకు హస్తవాసి ఉందయ్యా అన్నారు. ఆ సాయంత్రమే స్పిరిట్ అద్దిన గుడ్డతో ఆ గీత తుడిచేశాను. ఎందుకు తుడిచావని ఎవరూ అడగలేదు, గీత ఉండేదని ఎవరికీ తెలియదు కనుక.

అక్కడితో నా మెడకు గుదిబండ నేనే కట్టుకున్నట్టయింది. ఎక్కడ నీళ్లు ఎగజిమ్మినా ఇంజనీరింగ్ సెక్షన్ జీపు మా సందులోకి వచ్చేది. ఆదివారం మా ఆవిడ పిల్లలిద్దరికీ తలలు దువ్వి చర్చికి బయల్దేరదీసే వేళకే దాని హారన్ వినిపించేది. మేముండేది ఒక ఇంటి వెనక ఒంటిగది వాటా. ఉన్న ఒక్క కిటికీ ప్రహరీ గోడకేసి తెరుచుకునేది, నీళ్ల మోటారు స్విచ్చు ఓనరు వరండాలో ఉండేది, తొమ్మిది కొడితే గేటుకు ఆయన తాళం పడేది. పర్మినెంటు మాట ఏటికేడు వాయిదా పడేది. అటు గదిలోనూ ఇటు ల్యాబులోనూ ఊపిరి సలిపేది కాదు. అయినా సిగ్గు విడిచి చెప్పాలంటే, జీపు రాని వారం నాకు ఏమీ తోచేది కాదు.

అలాంటి రోజుల్లో తార్నాక రోడ్డు మీదే ఒక పరిశోధన సంస్థలో పర్మినెంటు పోస్టు పడింది. క్వార్టర్సు కూడా ఇస్తారట. మా ఆవిడ గేటు బయట నిలబడే ఆ ఇళ్లను చూసి వచ్చి, రెండు గదులు, గాలి వచ్చే కిటికీలు, వంటింట్లో సొంత కుళాయి అని పిల్లలకు కథలా చెప్పుకుంది. అయితే దరఖాస్తు విభాగాధిపతి సంతకంతోనే పోవాలి. ఆయన చెడ్డవారు కాదు. నువ్వు పోతే ఆ యంత్రం ఎవరు చూస్తారు, ఎవరికైనా నేర్పి నా ముందు ఒకసారి చేయించు, అక్కడికక్కడే సంతకం పెడతానన్నారు. గడువు ఇంకా పన్నెండు రోజులుంది.

మా ల్యాబ్ అటెండరుకు నేర్పడం మొదలుపెట్టాను. ఆయన నాకంటే పెద్దవాడు, రోజూ విద్యానగర్ నుంచి సైకిల్ మీద వచ్చేవాడు, నేను గొట్టాలు వెతికినప్పుడల్లా గునపం పట్టుకుని నా పక్కనే నడిచేవాడు. కర్ర పట్టుకునే తీరు, అడుగు వేసే తీరు, బ్యాటరీలు మార్చడం, అన్నీ నేర్పాను. శ్రుతి దగ్గరికొచ్చేసరికి నా నోరు మొండికేసింది. చప్పుడు పూర్తిగా ఆగేదాకా తిప్పు అని చెప్పాను. పొరపాటున అన్న మాట కాదది. నాకు సంతకమూ కావాలి, ఆ ఈల నా చేతిలోనే ఉండాలి. రేపు సరిదిద్దుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే పన్నెండు రోజులూ గడిపేశాను.

గడువు చివరిరోజు పొద్దున, కింద గొట్టం ఉందని అందరికీ తెలిసిన చోటనే, అటెండరు నాబు తిప్పి నిశ్శబ్దం తెచ్చి నడిచాడు. గొట్టం మీదుగా వెళ్లాడు, తిరిగి వచ్చాడు. ఏమీ వినిపించలేదని తల దించుకున్నాడు. అప్పుడైనా నేను ఒక్క ముక్క అనవచ్చు, రవంత వెనక్కి తిప్పమని. ఆయన వదిలిన గునపం పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. విభాగాధిపతి నిట్టూర్చి, ఇంకోసారి చూద్దాంలే అని నా దరఖాస్తును నాలుగు మడతలు పెట్టి నాకే ఇచ్చేశారు. సారు సంతకం పెట్టలేదని ఇంట్లో చెప్పాను. ఆ ఇంకోసారి మళ్లీ రాలేదు.

ఆ వానాకాలం నేను టైఫాయిడ్‌తో మంచాన పడ్డాను. హాస్టళ్ల దగ్గర గొట్టం పగిలితే అటెండరే యంత్రం తీసుకెళ్లి అరగంటలో చోటు చూపించాడని తెలిసింది. లేచి తిరగగలిగిన రోజునే వెళ్లి, ఎలా పట్టుకున్నావని అడిగాను. ఆయన బల్లలు తుడుస్తూనే చెప్పాడు.

“ఇన్నేండ్లు మీ పక్కపొంటి తిరిగిన గద సార్, మీ చెవులకున్న హెడ్‌ఫోనుకెళ్లి బయటికి ఇనొస్తుండె. జర టక్ టక్ మనాలె, ఉత్తగ ఊకోవద్దు.”

మరి ఆ రోజెందుకు అలా చేశావని అడిగితే, చేతిలోని గుడ్డ పక్కన పెట్టి నా మొహంలోకి చూశాడు.

“మీరే గట్ల చెయ్యమంటిరి. పోవుడు మీకే ఇష్టం లేదేమో అనుకున్న.”

నేను అక్కడే స్టూలు మీద కూలబడి ఏడ్చాను. జ్వరం నీరసమనుకుని ఆయన నాకు చాయ్ తెప్పించాడు.

ఆ తర్వాత చాలా ఏళ్లకు పర్మినెంటయింది. అప్పటికి పిల్లలు ఆ గోడ కిటికీ ముందే పెద్దవాళ్లయిపోయారు. మా రోజుల్లో ప్రతి యంత్రానికీ ఒక మనిషి ఉండేవాడు, ఆయన దాని నెత్తిన ఒకటి చరిస్తేనే పలికే టీవీ, ఆయన చెయ్యి పడితేనే ఎక్కే మోటారు. నేను లేనిదే నడవదు అన్న మాటను కిరీటంలా పెట్టుకుని, ఆ బరువుకు మెడ తిప్పలేక బతికాం. ఆ మెట్రో కాపలాదారు షిఫ్టు అయిపోగానే కర్రను ఇంకొకరి చేతిలో పెట్టి ఇంటికెళ్లిపోతాడు. అతన్ని తలుచుకుంటే కొంచెం జాలేసింది, చాలా అసూయ వేసింది.

తిరిగి వస్తూ ఆటోలో ఆ పరిశోధన సంస్థ గేటు దాటాం. ముప్పై ఏళ్లుగా అక్కడికి రాగానే అనే మాటే మా ఆవిడ మళ్లీ అంది. “ఆ మహానుభావుడు ఆ రోజు ఒక్క సంతకం పెట్టుంటే మన పిల్లలు ఆ ఇళ్లల్లో పెరిగేవాళ్లు.” కొత్త కళ్లద్దాల్లోంచి ఆమె మొహం ప్రతి ముడతతో సహా స్పష్టంగా కనిపించింది. ఎప్పటిలాగే, అవునన్నట్టు తల ఊపాను.