రేకుల మీద పాచి

సూర్యాపేటలో మా డాబా మీద ఒక రేకుల గది ఉంది. నా కుట్టుమిషన్ అందులోనే. ఎండాకాలం మధ్యాహ్నాలు, గిరాకీలిచ్చిన పట్టుజాకెట్ల మీద నా చెమట పడకుండా కుట్టడమే అక్కడ పెద్ద విద్య. మిషన్‌ను కింద ముందుగదిలోకి దింపుదామని నాలుగేళ్లుగా అడుగుతున్నాను. కానీ అక్కడ మా ఆయన టీవీ, సోఫా కొలువుతీరి ఉన్నాయి. పైగా ఆయన సైన్సు సారు. సమస్యను సైన్సుతోనే తేల్చాలన్నారు.

"రేకుల మీద పాచి పెంచితే కింద చల్లగుంటదంట. వేరే దేశాలల్ల గిట్లనే చేస్తున్నరు" అన్నారు ఒక వానాకాలం, ఫోన్లో వీడియో చూపిస్తూ.

బుద్ధెరిగినప్పటి నుంచి బ్లీచింగ్ పౌడర్ చల్లి గోకి పారేసే పాచిని ఇప్పుడు తెచ్చి పెంచాలన్నమాట. సంగతి తెలిసి చుట్టాలు తెగ సంబరపడ్డారు. మిర్యాలగూడలో ఆడబిడ్డ నీళ్ల సంపు గోడలు చూపించింది. కోదాడలో మా చిన్నమ్మయితే "బాత్రూం వెనకాల కూడా చాలా ఉందండీ అల్లుడుగారూ, మొహమాటపడకుండా మొత్తం తీసుకెళ్లండి" అని దానం చేసేసింది. సొంతింట్లో చీపురు ముట్టని మనిషి రెండూళ్లలో గోడలు తళతళలాడేలా గోకి, రెండు సంచుల పాచితో బస్సు దిగారు. దాన్ని మజ్జిగలో కలిపి రేకులకు పూశారు. ఆ వారమంతా మాకు అన్నంలోకి చారే.

వానలకు పచ్చగానే వచ్చింది. వీధిలోవాళ్లు ఫోటోలు కూడా దిగారు. ఉగాది దాటేసరికి అప్పడంలా ఎండి, రేకుల మీద నుంచి లేచిపోయింది.

"అది సావలే. పండుకుంది. వానొస్తే మళ్ల లేస్తది" అన్నారు సారు. ఆ వేడిలో హాయిగా నిద్రపోయే భాగ్యం దానికొక్కదానికే దక్కింది.

ఒక సెలవురోజు మధ్యాహ్నం, గదిలో వేడి ఎంత తగ్గిందో రాసుకుందామని థర్మామీటర్ పట్టుకుని పైకొచ్చారు. నా పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నారు. ఈ నాలుగేళ్లలో ఆ వేళప్పుడు ఆయన ఆ గదిలో అడుగుపెట్టడం అదే మొదటిసారి. పది నిమిషాలకే చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. థర్మామీటర్ వంక చూడనే లేదు.

"గీడ ఎట్ల కూసుంటున్నవే? ఒక్కనాడన్న నాకు జెప్పొద్దా?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఏడుపూ వచ్చింది. చేతిలో జాకెట్ పక్కన పెట్టి, లేచి, మిషన్‌ను ఒక వైపు పట్టుకున్నాను.

"ఆ పక్క మీరు పట్టుండ్రి" అన్నాను.

థర్మామీటర్ స్టూలు మీద పెట్టి పట్టుకున్నారు. సోఫాను ఏ మూలకు జరపాలో మెట్లు దిగుతూ చెప్పాను.