చెత్తబండిని ఆపిన పొద్దు

నేను వడ్డేపల్లి దగ్గర పల్లెలో, జొన్నచేలల్లో పరుగెత్తి పెరిగిన దాన్ని. పెళ్లయి గద్వాలలోని మగ్గాల సందుకు వచ్చినప్పుడు ఆకాశం ఎటు పోయిందా అని తలెత్తి వెతుక్కున్నాను. ఎదురెదురు ఇళ్ల చూర్లు ఒకదానికొకటి తగిలేవి. కాళ్లు దించి కూర్చుని నేసే మా మగ్గం గుంట దగ్గర పట్టపగలే దీపం వెలిగించేవాళ్లు. రెండు సందులు దాటితే పెద్ద ఉద్యోగుల వీధి. అక్కడ వెడల్పాటి బాట, వేపచెట్లు, గోడ కట్టిన తోట. సాయంత్రమైతే ఆ ఇళ్ల పిల్లల కేకలు మా దాకా వినిపించేవి. మా పిల్లల్ని మాత్రం ఆ తోట లోపలికి రానిచ్చేవాళ్లు కాదు.

నా పెద్దబిడ్డకు రెండేళ్లు దాటినా నిలబడలేదు. కాళ్లు విల్లులా వంగాయి. దిష్టి అన్నారు, తాయెత్తు కట్టారు. పక్కింట్లో బట్టలు కుట్టి బతికే ముస్లిం పెద్దావిడ ఉండేది. సందంతా ఆమెను ఖాలా, అంటే చిన్నమ్మ, అనే పిలిచేది. ఆమె మనవడి కాళ్లూ అలాగే ఉండేవి. ఇద్దర్నీ చెరొకరం ఎత్తుకుని దవాఖానకు వెళ్లాం.

డాక్టరు పిల్లల కాళ్లు తడిమి చూసి, ఎక్కడుంటారని అడిగాడు. చెప్పగానే తల ఊపాడు. మా సందు నుంచి ఇలాంటి పిల్లలు చాలామంది వస్తున్నారట. పెద్ద వీధి నుంచి ఒక్కరూ రాలేదట. ఏదో నూనె మందు ఇచ్చాడు.

"మందొక్కటే సాలదమ్మా. రోజు పొద్దుగాల పిల్లను ఎండల ఆడనియ్యి. గాలి, ఎండ నేను సీసాల పోసి ఇయ్యలేను," అన్నాడు.

తిరిగొచ్చే దారిలోనే పెద్ద వీధి తోట దగ్గర ఆగి, పిల్లల్ని లోపలికి రానిమ్మని అడిగాం. కావలివాడు కుదరదన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఖాలా మాత్రం నన్ను మా సందు చివరికి నడిపించుకుపోయింది. అక్కడ ఎప్పుడో కూలిపోయిన గుర్రాల సాల ఒకటి ఉండేది. పెద్ద వీధి చెత్తంతా బండ్లలో తెచ్చి అక్కడే కుమ్మరించేవాళ్లు. ఆ వాసనకు మేం అటు పోయేవాళ్లమే కాదు. ఖాలా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పైకి చూపించింది. అక్కడ చూరు లేదు. ఎండ పెళపెళ కాస్తోంది.

మర్నాడు మేమిద్దరమే గంపలు పట్టుకుని వెళ్లాం. మూడోనాటికి సందులో ఆడవాళ్లు సగం మంది వచ్చారు. మొదట వద్దన్న మా అత్తమ్మే పార తీసుకుని అందరికంటే ముందు దిగింది. బూడిద, పెంకులు, ఎముకలు ఎత్తి పోస్తుంటే కింద నల్లటి నేల కనిపించింది. అందరం ఒక్కసారి కేరింతలు కొట్టాం. పెళ్లయ్యాక నేను అంత గట్టిగా నవ్వింది అదే మొదలు.

అప్పుడే చెత్తబండి వచ్చింది. మేం జరగలేదు. బండివాడు, ఇదంతా యాడ పారబోయాలె అని అడిగాడు.

"యాడికెల్లి తెచ్చినవో ఆడికే తీస్కపో," అంది ఖాలా.

వాడు ఎద్దుల్ని తిప్పుకుని పోయాడు. కాసేపటికి పెద్ద వీధి నుంచి తలపాగా చుట్టిన ఉద్యోగి ఒకాయన వచ్చాడు. మా వాళ్లంతా కొంగులు సర్దుకుని వెనక్కి తగ్గారు. నేను బిడ్డనెత్తుకుని ఎదురు వెళ్లి, దాని కాళ్లు ఆయనకు చూపించాను.

"అయ్యా, మీ పిల్లలకు తోటున్నది. మా పిల్లలకు గీ జాగ ఇడ్వుండ్రి," అన్నాను.

ఆయన వంగి ఆ కాళ్లు చూశాడు. తలపాగా సర్దుకుని వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. కానీ ఆ పూట నుంచే బండ్లు మా సందుకు రాకుండా ఊరి బయటి గుంతకు పోయాయి. ఆ సాయంత్రం మా సందులో పండగే. ఎవరింట్లో ఉన్నది వాళ్లు తెచ్చుకుని ఆ నేల మీదే కూర్చుని తిన్నాం.

వానలకు ముందు వేపమొక్కలు, కానుగ మొక్కలు నాటాం. గోడ వెంట పుంటికూర గింజలు చల్లాం. స్నానాల నీళ్లు బిందెలతో మోసి పోశాం. పొద్దున్నే పిల్లల్ని ఎండలో వదిలేసేవాళ్లం. నూనె మందు కూడా మానలేదు. ఏళ్ల తరబడి మగ్గం గుంటలో కూర్చుని నేసే మా మామయ్యకు పట్టిన దగ్గు మాత్రం తగ్గలేదు. గుంటలో కూర్చోకుంటే ఇల్లు గడవదని ఆయన బయటికి రానేలేదు.

వానాకాలం వెళ్లిపోయింది. ఒక పొద్దున నేను పుంటికూర తెంపుతుంటే ఖాలా నా భుజం గట్టిగా పట్టుకుంది. వెనక్కి తిరిగి చూశాను. నా బిడ్డ గోడ వదిలి నిలబడి ఉంది. దానికి కోడిపిల్ల ఒకటి కనిపించింది. ఒక అడుగు వేసింది, ఊగింది, ఇంకొక అడుగు వేసింది. కోడిపిల్ల ఉరికింది. దాని వెంట బిడ్డ, బిడ్డ వెంట అప్పటికే నడక నేర్చిన ఖాలా మనవడు, వాళ్ల వెనక మా అత్తమ్మ చేతులు చాపి పరుగెత్తింది.